చుక్కల లెక్క సరిచూసిన పెద్దమనిషి - అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ



వార్షిక సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం మనకు ఆనవాయితీ. ఈసారి రాజులనూ, సేనానులనూ పక్కన బెట్టి, ఆకాశం వంక చూస్తూ ఎనభై రెండేళ్ళు బతికిన ఒక పండితుని గురించి వ్రాయదలచినాము. ఆయన పేరు మన ఇళ్ళల్లో పెద్దగా వినపడదు. కానీ ఆయన పుస్తకానికెక్కించిన పేర్లు కొన్ని ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. అదెట్లాగో చెప్పడానికి ముందు, ఒకసారి మన దొరవారిసత్రం ఆకాశాన్నే చూద్దాం.

జనవరి నెలలో ఇషా నమాజు ముగించుకుని బయటికి వచ్చి తూర్పు ముఖంగా నిలబడండి. ఎదురుగా పులికాట్ సరస్సు, దాని కవతల శ్రీహరికోట. నేలపట్టు చెరువుకు కొంగలూ, గూడబాతులూ చేరివుండే రోజులవి. తల కొంచెం పైకెత్తితే ఒకే వరుసలో మూడు చుక్కలు కనపడతాయి. కొన్ని పల్లెల్లో వీటిని గొల్లకావడి అంటారు. పంచాంగం చూసేవారికి మృగశిర, ఆరుద్ర ఉన్న దిక్కు అది. డిసెంబరులో చీకటి పడే వేళకు ఈ మూడూ తూర్పున లేస్తూ ఉంటాయి. అప్పుడు నిలువుగా, ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. అన్నిటికంటే అడుగున ఉండేదాన్ని గుర్తు పెట్టుకోండి. దాని పేరు అల్‌నితాక్. నితాక్ అంటే అరబ్బీలో నడికట్టు. పైదాని పేరు మింతాక, మింతకా అన్నా నడికట్టే. నడిమి చుక్క అల్‌నిలామ్. ఇది అన్నిజామ్ అన్న మాటకు వచ్చిన మార్పు. నిజామ్ అంటే ముత్యాలను గుచ్చిన వరుస. హైదరాబాదు నిజామును తలచుకునేవారు ఈ చుక్కను కూడా తలచుకోవచ్చు, ఇద్దరిదీ ఒకే మాట!

అమెరికాలోనైనా జపానులోనైనా ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ చుక్కలను ఈ పేర్లతోనే పిలుస్తారు. ఇవి అరబ్బుల నోట పుట్టి, పుస్తకాల కెక్కి, స్పెయిన్ మీదుగా ఐరోపా చేరి, లాటిన్ లేఖకుల చేతుల్లో వంకర్లు తిరిగి, చివరకు ఈ రూపానికి వచ్చాయి. అదే మండలంలో ఎర్రగా కనపడే ఆరుద్ర నక్షత్రాన్ని బెటల్‌గూజ్ అంటారు గదా, అది అసలు యదుల్ జౌజా, అంటే జౌజా యొక్క చెయ్యి. నకలు వ్రాసిన ఎవరో యా అక్షరం కింద రెండు నుక్తాలకు బదులు ఒక్కటే చూసి బా అని చదివారు. ఆ తప్పు ఇప్పటికీ దిద్దలేదు. మదరసాలో అలిఫ్ బా నేర్చుకునే మన పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, నుక్తా విలువ తెలుస్తుంది.

ఈ పేర్లనూ, ఈ చుక్కలనూ శ్రద్ధగా ఒకచోట చేర్చిన పుస్తకాల్లో ముఖ్యమైనది అబ్దుర్రహ్మాన్ బిన్ ఉమర్ అస్సూఫీ గారిది.

ఆయన హిజ్రీ 291లో, అంటే క్రీస్తుశకం 903 డిసెంబరు 7న, ఇరాన్ దేశంలోని రయ్ పట్టణంలో జన్మించారు. ఈనాటి టెహ్రాను పక్కనే ఉన్నది ఆ ఊరు. ప్రసిద్ధ వైద్యుడు జకరియ్యా రాజీ గారిది కూడా ఆ ఊరే. సూఫీ అనగానే మనవారికి దర్గాలూ, ఉరుసులూ గుర్తుకు రావచ్చు. ఈ పెద్దాయన మనకు తెలిసినది మాత్రం ఖగోళ పండితుడిగానే. అప్పట్లో బాగ్దాదు ఖలీఫాల అధికారం పేరుకే మిగిలింది. ఇరాన్, ఇరాక్ ప్రాంతాలు బువైహ్ వంశం వారి చేతుల్లోకి పోతున్నాయి. పెత్తనాలు మారుతున్న కాలమన్న మాట. అయినా చదువుకు ఆదరణ తగ్గలేదు, చెప్పాలంటే పెరిగింది. ఒక్కొక్క ప్రభువు తన ఆస్థానంలో పండితులుండాలని పోటీ పడేవాడు.

ఆ రోజుల్లో నక్షత్ర విద్య అంటే గ్రీకు పండితుడు బత్లీమూస్ వ్రాసిన అల్‌మజిస్తీ. ఇంగ్లీషువారు టాలమీ అనేది ఇతన్నే. క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటి ఈయన వెయ్యికి పైచిలుకు నక్షత్రాలను 48 మండలాలుగా విడదీసి, ఒక్కొక్కదాని స్థానం, వెలుగు పట్టికలో చూపినాడు. అరబ్బీలోకి అనువాదమైన తర్వాత అదే ప్రమాణమైపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది. పుస్తకం చేతికి దొరికేసరికి జనం ఆకాశం చూడటం తగ్గించారు. ఒకరి పట్టికను ఇంకొకరు ఎత్తి వ్రాసుకోవడం, లోహపు గోళాల మీద చుక్కలు చెక్కించుకోవడం, వాటిని చూసి పాఠం చెప్పడం. తీరా రాత్రిపూట ఫలానా చుక్క ఏదయ్యా అంటే చూపించలేని పండితులు తయారైనారు. సూఫీ గారు తన గ్రంథం ముందుమాటలో ఈ సంగతే ఎత్తుకుని, పేరున్న వాళ్ళను సైతం వదిలిపెట్టకుండా తప్పు పట్టారు.

మరోవైపు ఎడారి అరబ్బుల చుక్కల విద్య ఒకటి ఉంది. వాళ్ళకు పుస్తకాల్లేవు. ఒంటెల దారీ, వానల రాకా, చలి ముదరడం, అన్నీ చుక్కలను బట్టే. ఈ జానపద విజ్ఞానాన్ని అబూ హనీఫా దీనవరీ వంటి పండితులు గ్రంథాలుగా కూర్చారు. సూఫీ గారు దీనవర్ పట్టణానికి వెళ్ళి ఆయన ఊరు చూసి వచ్చారు కూడా. కానీ ఆ గ్రంథాల్లోనూ మాటలు ఎక్కువ, కంటితో పోల్చి చూసింది తక్కువ అని ఆయనకు తోచింది. గ్రీకుల పట్టిక ఒక దారి, అరబ్బుల పేర్లు ఒక దారి. రెండూ ఒకే ఆకాశం గురించే, అయినా ఒకటి తెలిసినవారికి రెండోది తెలియదు. ఈ రెంటినీ ఎదురుబదురుగా కూర్చోబెట్టాలనేది సూఫీ గారి సంకల్పం.

దీనికి తోడ్పాటు దొరికింది అజుదుద్దౌలా వద్ద. క్రీస్తుశకం 949 నుండి ఫార్స్ రాజ్యానికి ప్రభువైన ఈయన షీరాజు నగరం నుండి పాలించాడు. నది మీద ఆనకట్ట, బాగ్దాదులో పెద్ద ఆసుపత్రి కట్టించిన దొడ్డ ప్రభువు. తనకు వ్యాకరణం నేర్పింది అబూ అలీ ఫారిసీ అనీ, నక్షత్రాలు నేర్పింది సూఫీ అనీ గొప్పగా చెప్పుకునేవాడట. రాజు తన కొలువులో ఉన్న పండితుని గురువు అని చెప్పుకోవడం ఆ రోజుల్లోనూ చిన్న విషయం కాదు. ఈ ప్రభువు కోసమే సూఫీ గారు 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల గ్రంథాన్ని, అంటే కితాబు సువరిల్ కవాకిబ్‌ను పూర్తి చేశారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు నిండాయి.

ఆ పుస్తకం ఎట్లా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. ఒక్కొక్క మండలాన్నీ తీసుకుని ముందుగా అందులో ఏ చుక్క ఎక్కడుంది, దానికి దీనికి ఎంత ఎడం, రంగు ఎట్లాంటిది, వెలుగు ఎంత అని మామూలు మాటల్లో చెబుతారు. బత్లీమూస్ చెప్పినదానికి తాను చూసింది తేడాగా ఉంటే అది దాచరు, తనకు ఎట్లా కనపడిందో పక్కనే వ్రాస్తారు. ఆ తర్వాత అరబ్బులు ఆ చుక్కలను ఏమని పిలుస్తారో చెబుతారు. మన మూడు చుక్కల మండలాన్ని ఆయన అల్‌జబ్బార్, అల్‌జౌజా అన్న పేర్ల కింద వర్ణించారు. నడుముకు పట్టీ కట్టుకుని నిలబడ్డ మహాకాయుడన్న మాట. అందులో 38 చుక్కలు లెక్క కట్టారు. చివర పట్టిక, బొమ్మలు ఇచ్చారు.

బొమ్మల సంగతి చాలా ముచ్చటైనది. ప్రతి మండలానికీ రెండు బొమ్మలు. ఒకటి నేల మీద నిలబడి ఆకాశంలో చూసినట్టు, ఇంకొకటి గోళం మీద చూసినట్టు. దుకాణం అద్దం మీద పేరును లోపలి వైపు నించి చదివితే తారుమారుగా కనపడదూ, అదే తేడా. గోళాన్ని మనం బయట నించి చూస్తాం, ఆకాశాన్ని లోపల నించి. ఈ తేడా తెలియక కుడిచెయ్యి ఎడమ చెయ్యిగా, ఎడమకాలు కుడికాలుగా వ్రాసుకున్న వాళ్ళు ఎందరో. సూఫీ గారు పలుచని కాగితం గోళం మీద పరిచి, గీతలనూ చుక్కలనూ దాని మీదికి దింపుకుని, వాటిని ఆకాశంతో పోల్చి చూసుకున్నారని తర్వాతి తరం పండితుడు అల్‌బీరూనీ వ్రాసి పెట్టారు. కుట్టుపని చేసే మన అమ్మాయిలు గుడ్డ మీదికి డిజైను దించుకునే పద్ధతే ఇది!

చుక్కల వెలుగును ఆరు తరగతులుగా చెప్పడం పాత ఆచారం. అన్నిటికన్నా బాగా వెలిగేవి మొదటి తరగతి, కష్టపడితే గాని కనపడనివి ఆరో తరగతి. సూఫీ గారు ఒక్కొక్క చుక్కనూ తన కంటితో చూసి తరగతిని మళ్ళీ నిర్ణయించారు. ఆ తరగతుల్లోనూ కాస్త పెద్దది, కాస్త చిన్నది అని భేదం చూపారు. దుర్భిణీ లేదు, ఫోటో లేదు. కంటి చూపు, ఓపిక, వాటిని మించి నిజం వ్రాయాలనే పట్టుదల, ఇవే ఆయన పనిముట్లు. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత డెన్మార్కు శాస్త్రజ్ఞుడు షెల్లెరుప్ ఈ గ్రంథాన్ని ఫ్రెంచిలోకి అనువదించి 1874లో అచ్చు వేయించారు. ఫలానా చుక్క వెలుగు ఇన్ని శతాబ్దాల్లో ఏమైనా మారిందా అని చూసుకోవడానికి అప్పటి శాస్త్రజ్ఞులకు సూఫీ గారి లెక్కలు అక్కరకు వచ్చాయి.

ఇంతా చెప్పి ఆయన చేయని పని కూడా చెప్పకపోతే న్యాయం కాదు. చుక్కల వెలుగును కొత్తగా చూశారు గాని, చుక్కల స్థానాలను కొత్తగా కొలవలేదు. ఆకాశంలో నక్షత్రాల స్థానాలు చాలా నిదానంగా జరుగుతూ ఉంటాయి. అది 66 ఏళ్ళకు ఒక డిగ్రీ అన్న లెక్క తీసుకుని, బత్లీమూస్ నాటి అంకెలన్నిటికీ 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపి వేసుకున్నారు. నిజానికి ఆ జరుగుడు 72 ఏళ్ళకు దాదాపు ఒక డిగ్రీ. అందువల్ల గ్రీకు పట్టికలో ఉన్న తప్పులు స్థానాల వరకు అట్లాగే దిగివచ్చాయి. ఇతరులను ఎత్తి వ్రాసుకున్నారని దెప్పిపొడిచిన మనిషి తాను కూడా ఒక చోట ఎత్తి వ్రాసుకున్నారు. దీనివల్ల మాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు.

ఈ మాట ఎందుకంటున్నామంటే, మన సభల్లో అప్పుడప్పుడు వినపడే ఉపన్యాసాలు కొన్ని మాకు ఇబ్బందిగా ఉంటాయి. లోకంలో ఉన్న శాస్త్రమంతా మనవాళ్ళే కనిపెట్టారనీ, మిగతావారు దొంగిలించుకుపోయారనీ ఆవేశంగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. సూఫీ గారి పేరు కూడా ఈ మధ్య అట్లా వాడుతున్నారు. పాలపుంతకు ఆవల ఉన్న ఆండ్రోమెడా నక్షత్ర ప్రపంచాన్ని ఆయన కనిపెట్టారని. జరిగింది ఇది. ఆ మండలంలో ఒకచోట చిన్న మబ్బు తునకలాంటి మచ్చ ఉందని ఆయన పుస్తకంలో వ్రాశారు, బొమ్మలో కూడా గుర్తు పెట్టారు. మన దాకా వచ్చిన గ్రంథాల్లో ఆ మచ్చ ప్రస్తావన ముందుగా కనపడేది ఇందులోనే. అది మన పాలపుంత వంటి ఇంకొక మహా ప్రపంచమనీ, దాని వెలుగు మనను చేరడానికి సుమారు 25 లక్షల ఏళ్ళు పడుతుందనీ 1920ల తర్వాత గాని ఎవరికీ తెలియలేదు. ఆయన చూసింది మబ్బు, వ్రాసింది మబ్బు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒక్క అక్షరం వ్రాయలేదు. ఆయనకు లేని ఘనతను మనం ఆయన నెత్తిన పెడితే, ఆయన జీవితమంతా దేనికి ఎదురు నిలిచారో ఆ పనే మనం చేసినట్టవుతుంది గదా.

షీరాజులో ఆయన సూర్యగమనాన్ని కూడా పరిశీలించారు. దానికి చాలా పెద్ద వలయం ఒకటి వాడారు. అస్తర్లాబు అనే యంత్రాన్ని వాడే విధానం గురించి పెద్ద గ్రంథం వ్రాశారు. నమాజు వేళలు తెలుసుకోవడానికీ, దిక్కులు చూసుకోవడానికీ ఆ రోజుల్లో గడియారం, దిక్సూచి రెండూ అదే. అజుదుద్దౌలా కోసం వెండితో ఒక ఆకాశ గోళం కూడా చేయించారు. ఆ ప్రభువు పోయిన అరవై ఏళ్ళకు, 1043లో, కైరో గ్రంథాలయంలో దాన్ని చూసినవారు ఉన్నారు. మూడు వేల దిర్హముల బరువు తూగిందనీ, మూడు వేల దీనారులకు కొన్నారనీ వ్రాశారు. ఆ వెండి ఏమైపోయిందో ఏమో, కాగితం మీద వ్రాసింది మాత్రం నిలిచింది. సూఫీ గారు 986 మే 25న, ఎనభై మూడో ఏట పరమపదించారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ తర్వాత ఆయన పుస్తకం తిరిగిన దేశాలకు లెక్కలేదు. 1250లో నసీరుద్దీన్ తూసీ దాన్ని ఫారసీ చేశారు. సమర్‌ఖందులో వేధశాల కట్టించిన ఉలుగ్ బేగ్ సుల్తాను తన దగ్గర ఒక చక్కని ప్రతి ఉంచుకున్నాడు. స్పెయినులో క్రైస్తవ రాజు అల్ఫాన్సో కొలువులోని పండితులు దాన్ని ఆధారం చేసుకున్నారు. తండ్రి గ్రంథాన్ని అనుసరించి కొడుకు ఇబ్నుస్సూఫీ ఒక పద్యకావ్యమే కట్టాడు.

ఇక మన తెలుగు గడ్డకు వద్దాం. 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఏర్పడింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం నీడకు చేరింది. ఎక్కడెక్కడో గ్రంథాలయాల్లో మగ్గుతున్న అరబ్బీ వ్రాతప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి, అచ్చు వేయడం దాని పని. ఆ సంస్థే 1954లో సూఫీ గారి అరబ్బీ మూలాన్ని, ఆయన కొడుకు కావ్యంతో సహా, పాత వ్రాతప్రతుల ఆధారంగా ప్రచురించింది. షీరాజులో పుట్టిన గ్రంథం మీద పరిశోధన చేసేవారు ఏ దేశంవారైనా హైదరాబాదు ప్రతిని ఎదుట పెట్టుకోవలసిందే. ఆకాశాన్ని చూసే పనిలో కూడా హైదరాబాదు వెనకబడలేదు. నవాబ్ జఫర్ జంగ్ అనే పాయెగా ప్రభువు సొంత డబ్బుతో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దుర్భిణీ తెప్పించి 1901లో వేధశాలకు పూనుకున్నారు. అదే నిజామియా వేధశాల. 1908లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆకాశానికి ఫోటో పటం తీసిన మహా పథకంలో తన వంతు భాగాన్ని పూర్తి చేసి, ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలను అది లెక్క కట్టింది. సూఫీ గారు మిగిల్చిన కొలత పనిలో కొంత ఇక్కడ జరిగిందనుకోవచ్చు.

మొదట అడుగున ఉన్న చుక్కను గుర్తు పెట్టుకోమన్నాము. దాని కథ ఇప్పుడు చెబుతాము. సూఫీ గారి కంటికి అల్‌నితాక్ ఒక్క చుక్క. మన కంటికీ ఒక్కటే. పందొమ్మిదో శతాబ్దంలో దుర్భిణీ పెట్టి చూస్తే పక్కనే చిన్న తోడు ఒకటి బయటపడింది. అమెరికాలోని అరిజోనాలో, ఎడంగా నిలబెట్టిన అద్దాల వెలుగును ఒకటిగా కలిపి చూసే యంత్రంతో 1998లో పరీక్షిస్తే, పెద్ద చుక్కే మళ్ళీ రెండని తేలింది. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న జంట. ఒక సుత్తు తిరగడానికి 2,687 రోజులు, అంటే ఏడేళ్ళ పైచిలుకు పడుతుంది. ఈ లెక్క 2013లో అచ్చయింది.

జంటగా ఉండటం వల్లనే వాటి బరువు తెలిసింది. ఒంటరి చుక్కను తిన్నగా తూచే తక్కెడ లేదు. రెండు ఉంటే ఒకదాన్ని ఒకటి లాగే తీరును బట్టి బరువు కట్టవచ్చు. అట్లా చూస్తే పెద్దది సుమారు 33 సూర్యుల బరువు, రెండోది సుమారు 14 సూర్యుల బరువు తూగాయి. పెద్దదాని వేడిమి ముప్పై వేల డిగ్రీలకు దగ్గర. మన సూర్యునిది ఐదున్నర వేలు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడి హెచ్చేకొద్దీ తెల్లబడటం చూసే ఉంటారు. ఆ వేడిని ఇంకా దాటితే నీలం. అందుకే దీన్ని నీలి మహాతార అంటారు. లక్షల సూర్యుల వెలుగు ఇస్తుంది. అంత వెలుగిచ్చే ఇల్లు ఎక్కువ కాలం నిలవదు, ఖర్చు ఎక్కువ. మన సూర్యుడికి ఇప్పటికే 460 కోట్ల ఏళ్ళు. ఈ నీలి తారల ఆయుష్షు లక్షల ఏళ్ళల్లోనే. ఇంధనం అయిపోయిన రోజున పెద్దది పేలిపోతుంది.

ఇంత వేడి చుక్కలు తమ వెలుగులో ఎక్కువ భాగాన్ని మన కంటికి ఆనని అతినీల కిరణాలుగా వెదజల్లుతాయి. ఆ కిరణాలను గాలిపొర మన దాకా రానివ్వదు. వాటిని చూడాలంటే గాలిని దాటి పైకి పోవాలి. ఆ పని కోసం అతినీల దుర్భిణీని మోసుకుని 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ అనే ఉపగ్రహం లేచింది మన ఎదుటి శ్రీహరికోట నుంచే. రాకెట్ లేస్తే మేడలెక్కి చూసే మన ఊరివాళ్ళకు ఆ మోత కొత్తగాదు. దాని తలమీద ఏముందో అప్పుడు మనం పెద్దగా పట్టించుకోలేదు, అంతే.

అల్‌నితాక్ దూరం వెయ్యి కాంతి సంవత్సరాలకు కొంచెం అటూ ఇటూ. అంటే షీరాజులో సూఫీ గారు పట్టిక వ్రాసుకుంటున్న నాటికి దగ్గరగా అక్కడి నుండి బయలుదేరిన వెలుగే ఈ చలికాలం మన మసీదు మెట్ల మీద పడుతున్నది. 2016లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘం చుక్కల పేర్లను ఖరారు చేసింది. అల్‌నితాక్ అనే అరబ్బీ పేరును ఆ జంటలో పెద్దదానికి స్థిరపరచింది. రెండోదానికి ఇంకా పేరు లేదు. పట్టికల్లో దాన్ని ఏబీ అనే రెండు అక్షరాలతోనే వ్రాస్తున్నారు.